సాక్సనీ రాజు మద్రాసు ప్రయాణం

ఆ రోజు పీరు పెట్టుకున్న పని ఒక్కటే. పొద్దున్నే పినాకిని రైలు ఎక్కి మద్రాసు పోవాలి, డీటర్ దొరను ఒక్కసారి చూడాలి. రాత్రికి దొర జర్మనీ విమానం ఎక్కేస్తాడు. వయసైపోయింది, మళ్ళీ ఈ వైపు రాడట.

తొంభైలో గవర్నర్‌పేట ప్రెస్సులో మిషను బిగించడానికి దొర వచ్చినప్పుడు, ఆటోనగర్‌లో లేతు పని చేసే పీరు నెలంతా ఆయన పక్కనే ఉన్నాడు. ఏడో తరగతిలో బడి మానేసినవాడి భుజం మీద చెయ్యేసి "మై ఫ్రెండ్" అన్నవాడు ఈ లోకంలో ఆయనొక్కడే. వెళ్తూ వెళ్తూ ఒక వెండి బిళ్ళ ఇచ్చాడు. జర్మనీ ఒక్క దేశం కాకముందు, సంస్థానానికో రాజు, రాజుకో నాణెం ఉన్న రోజుల్లో సాక్సనీ రాజు కొట్టించిన థాలర్ అది. ఎప్పుడొచ్చినా ఇది చూపించు, గుర్తుపడతానన్నాడు. ఇప్పుడు పీరుకు జుట్టు పోయింది, పొట్ట వచ్చింది. బిళ్ళ లేకపోతే ఎవడో అనుకుంటాడు.

గుమ్మంలో భార్య షహజాది ఆపింది. "చొక్కా చెయ్యి పైకి లాగండి, ఇమాం జామిన్ కట్టాలి."

ప్రయాణం పోయేవాళ్ళ జబ్బకు నాణెం కుట్టిన పచ్చగుడ్డ కట్టడం, క్షేమంగా తిరిగొచ్చాక ఆ నాణేన్ని బీదవాళ్ళకు ఇచ్చెయ్యడం ఆ ఇంటి ఆచారం.

"మద్రాసుక్కూడానా?"

"అక్కడ సముద్రం ఉందిగా. కదలకండి."

ప్లాట్‌ఫారం మీద జేబులోంచి బిళ్ళ మూటగట్టిన రుమాలు తీసి విప్పితే బిళ్ళ లేదు. స్టేషనుకు తీసుకొచ్చి, బండెక్కించడానికి లోపలిదాకా వచ్చిన ఆటో జాన్‌బాబు మీద పడ్డాడు పీరు. "నీ ఆటోలోనే పోయిందిరా!"

"బోణీ కూడా కాలేదు పీరన్నా, అప్పుడే దొంగతనం అంటగడతావా?"

జనం మూగారు. పోయింది బంగారమని ఒకడు, లంకెబిందె అని ఇంకొకడు. పోలీసు వచ్చాడు.

"గుర్తులు చెప్పు."

"రాజు తల ఉంటదండి. సాక్సనీ రాజు."

"ఏ మండలం?"

"జర్మనీ అండి."

"ఓహో, పాత నాణేల బేరమా? పద."

గదిలోకి తీసుకెళ్ళి జేబులు, సంచి, చెప్పులు వెదికాడు. జబ్బ దగ్గర గట్టిగా ఏదో తగిలింది. "ఇదేంటి?"

"ఇమాం జామిన్ అండి."

పోలీసు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "దేవుడిది మనం ముట్టుకోకూడదు." మిగతాదంతా మళ్ళీ మొదటినుంచీ వెదికాడు. బయట పినాకిని కూత వేసి వెళ్ళిపోయింది. పీరును వదిలేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

"రూపాయి బిళ్ళ దొరకలేదండీ," అంది షహజాది, పటమట ఇంటి గుమ్మంలో కూలబడ్డ మొగుణ్ణి చూసి. "జేబులో ఉంటే ఎవడన్నా కొట్టేస్తాడని మీ వెండిదే కుట్టేశా. చెబుదామంటే ఆటో హారన్ కొడతానే ఉందాయె."

పీరు గుడ్డ విప్పాడు. రాజు ఎప్పటిలాగే పక్కకు తిరిగి ఎటో దూరంగా చూస్తున్నాడు. ఏ బండి ఎక్కినా ఇక దొర విమానం వేళకు అందడు.

"క్షేమంగా తిరిగొచ్చారు కదా," అంది షహజాది మెల్లగా. "ఇక దాన్ని ఉంచుకోకూడదు."

సాయంత్రం వచ్చిన ఫకీరు చేతిలో పీరు కళ్ళు మూసుకుని బిళ్ళ పెట్టాడు. ఫకీరు అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి అతని అరచేతిలోనే పెట్టాడు.

"ఇది చెల్లదు భాయ్. రూపాయి ఉంటే ఇవ్వు."

పీరు పిడికిలి గట్టిగా బిగించాడు. షహజాది లోపలికెళ్ళి డబ్బాలన్నీ వెదికింది. ఆ ఇంట్లో రూపాయి బిళ్ళ సాయంత్రానికీ లేదు.