యెరికో పటం రంగు మారిన వైనం

"ఈ కేసు పట్టగల బుర్ర తూర్పు భారతదేశం మొత్తం మీద ఒక్కటే ఉంది. మీ అదృష్టం, ఈ ఆదివారం అది ఊళ్లోనే ఉంది."

క్రిస్మస్‌కి రెండు వారాల ముందు, లిలువా రైల్వే క్వార్టర్ల వెనకున్న చిన్న తెలుగు చర్చిలో, ఆరాధన మధ్యలో లేచి జీవానందం గారు చేసిన ప్రకటన ఇది. ఆ బుర్ర ఎవరిదో అన్న అనుమానం ఎవరికీ మిగలకుండా చూపుడువేలితో తన కణత మీద రెండుసార్లు కొట్టుకున్నారు కూడా. ఆయన ముందు వరసలోవాళ్లు జేబురుమాళ్లు తీసి మొహాలు తుడుచుకున్నారు. ఆవేశం వచ్చిందంటే ఆయన మాటలు తుంపర్లతో సహా వస్తాయి. అందుకే ఆయన ముందు బెంచీ ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. ఆ రోజు జనం ఎక్కువై నిండిపోయింది.

జీవానందం గారు రైళ్లలో ముప్పై ఏళ్లు టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. మర్నాడే 'రహస్య పరిశోధకుడు' అని కార్డులు కొట్టించుకున్నారు. రహస్యమైతే కార్డు మీద ఎందుకు వేయించావని స్నేహితుడు ఫెలిక్స్ అడిగితే, జవాబుగా ఇంకో కార్డు ఇచ్చారు. ఇప్పటికి ఆరు కేసులు చేశారు. అన్నిటిలోకీ పెద్దది చర్చి గుమ్మంలో చెప్పులు పోయిన కేసు. ఐదో రోజున ఆ చెప్పులు జీవానందం గారి కాళ్లకే దొరికాయి. దొంగ ఎంత గడుసువాడంటే సొత్తుని పరిశోధకుడి కాళ్లకే తొడిగాడని ఆయన డైరీలో రాసుకున్నారు.

ఇప్పుడు ఏడో కేసు యెరికో పటం.

ఆ పటం కథ చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది ఇవాన్స్ దొర అనే ఫోర్‌మన్ తన దేశానికి వెళ్లిపోతూ చర్చికి ఇచ్చిపోయిన పాత తైలవర్ణ చిత్రం అది. కొండ మీద కూలిన గోడలు, సగం విరిగిన బురుజు, చుట్టూ గోధుమరంగు చీకటి. దొర ఇచ్చేటప్పుడు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు, అప్పటి పెద్దలు తలలూపారు. కూలిన గోడలు గనక బైబిల్లో గోడలు కూలిన యెరికో పట్టణమేనని ఖాయం చేసుకున్నారు. ఏటా డిసెంబరు రెండో ఆదివారం ఆ పటం ముందు నిలబడి పాస్టరుగారు యెరికో గోడలు కూలిన ప్రసంగం చేయడం ఆనవాయితీ. ప్రసంగం అయ్యాక ముసలివాళ్లు పటాన్ని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంటారు. అలా చేయకూడదని పాస్టరు రాబిన్ గారు రెండుసార్లు చెప్పారు. ఆయన బయటికి వెళ్లేదాకా ఆగి అద్దుకుంటున్నారు.

ఆ ఆదివారం, పండగ పనుల దుమ్ము పడకుండా పటం మీద కప్పిన గుడ్డ తీసేసరికి యెరికోలో తెల్లవారి ఉంది. నీలం ఆకాశం, పచ్చటి గడ్డి, కొండ కింద వాగు, వాగు పక్కన ఏడు గొర్రెలు. పటం మార్చేశారని వెనక నుంచి ఎవరో అన్నారు, చూస్తుండగా ఆ మాట అందరిదీ అయింది. అసలు పటం దొంగిలించి నకలు పెట్టారని జీవానందం గారు తేల్చారు. ఇది అంతర్జాతీయ ముఠా పనని, తాళం చెవి ఎవరి దగ్గరుందో చెబితే చాలు, సగం కేసు తేలిపోయినట్టేనని అన్నారు.

తాళం చెవి మరియదాసు దగ్గరుంది. చర్చి ఊడ్చి, గంట కొట్టి, వెనక గదిలో ఉండే మనిషి. ఇరవై రెండేళ్లుగా ఆ గదే అతనికి ఇల్లు. అందరూ తనవైపు తిరగడం చూసి మరియదాసు, తన వెనక ఎవరున్నారా అని వెనక్కి తిరిగి చూశాడు.

మూడో బెంచీలో కూర్చున్న ఫెలిక్స్ తల దించుకున్నాడు. పటం ఎవరూ మార్చలేదు. తోమింది తను.

ఫెలిక్స్ రైల్వే వర్క్‌షాపు పెయింట్ షాపులో ముప్పై నాలుగేళ్లు రైలు పెట్టెలకి రంగులు వేసినవాడు. క్రిస్మస్‌కి చర్చి కిటికీలకి రంగు వేస్తానని తనే ఒప్పుకున్నాడు. మరియదాసు రంగుకాగితాలకని బడాబజారు వెళ్లినప్పుడు, ఒక్కడే ఉండి, ఊరికే పటం మూల కొంచెం తుడిచి చూశాడు. మసి కింద నీలం కనపడింది. ఇక చెయ్యి ఆగలేదు. మరియదాసు పండగ సరుకులకి బజారు వెళ్లిన మూడు మధ్యాహ్నాలూ కిటికీలు వదిలేసి పటం ముందే కూర్చున్నాడు. అందరినీ ఆశ్చర్యపరచాలనుకున్నాడు, అందులో మాత్రం ఏ లోటూ జరగలేదు.

అక్కడికక్కడే లేచి చెప్పేవాడే. కానీ దేంతో తోమావని అడుగుతారు. పెయింట్ షాపులో పాత మేస్త్రి నేర్పిన విద్య అది. పాత రంగు మీది మసికి సబ్బు పనికిరాదు, నూనె పనికిరాదు. దూది నోట్లో తడుపుకుని, మెల్లగా తిప్పుతూ తుడవాలి. అంటే ఉమ్ము. ఎనభై ఏళ్ల జెరూషమ్మ ఆ ఉదయం కూడా ఏడుస్తూ వచ్చి, నకలైతే నకలేనని పటాన్ని తాకి రెండు కళ్లకీ అద్దుకుంది. అది చూశాక ఫెలిక్స్ లేవబోయినవాడల్లా మళ్లీ కూర్చున్నాడు.

సోమవారం జీవానందం గారు నేరస్థలాన్ని పరిశీలించారు. చేతిలో ఆయన భార్య బియ్యంలో రాళ్లు ఏరుకునే భూతద్దం. సాయానికి ఫెలిక్స్‌ని రమ్మన్నారు, ఎందుకంటే గొప్ప పరిశోధకుడి పక్కన కాస్త మందబుద్ధి స్నేహితుడు ఉండటం రివాజట. అరగంట నేల మీద పాకి, బెంచీ కింద నుంచి ఒక ప్లాస్టిక్ సంచీ లాగారు. నిండా గోధుమరంగు దూది ఉండలు.

ఫెలిక్స్ గోడకి ఆనుకున్నాడు. ఆదివారం హడావుడిలో తను పారేయడం మరిచిపోయిన సంచీ.

"రక్తం," అన్నారు జీవానందం గారు. "ఎండిపోయిన రక్తం. ముఠాలో ఎవడికో గాయమైంది."

"రక్తమని ఎలా తెలిసింది నీకు?"

"రుచి చూస్తే తెలీదేటి?"

వద్దు అనేలోపే ఆయన ఒక ఉండ తీసి నాలుక చివర పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించారు. కొంచెం ఉప్పగా ఉందని, నేరస్థుడు భయంలో ఉన్నాడని, మాంసాహారి అని చెప్పి ఇంకో ఉండ తీశారు. ఫెలిక్స్ బయటికి వెళ్లి గాలి పీల్చుకుని వచ్చాడు.

రంగుకాగితాలు కత్తిరిస్తూ బొటనవేలు తెగి మరియదాసు కట్టు కట్టుకుని ఉన్నాడు. జీవానందం గారికి అంతకంటే ఏం కావాలి. ఒక్క బొటనవేలిలోంచి సంచీడు రక్తం వస్తుందా అని ఫెలిక్స్ అడిగితే, మిగతాది ముఠావాళ్లదని చెప్పారు. కిటికీలకి రంగు వేస్తూ తను అక్కడే ఉన్నాను కదా అంటే, "నీ వీపు పటంవైపు ఉంది దాదా, వాళ్లకి కావలసిందే అది," అని జాలిపడ్డారు.

శనివారం చర్చి కమిటీ కూర్చుంటుందని, నేరం రుజువైతే మరియదాసు గది ఖాళీ చేయాలని సాయంత్రానికి అందరి ఫోన్లకీ సందేశం వచ్చింది.

ఫెలిక్స్ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బుధవారం సాయంత్రం ప్రార్థన కూడికలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరి తప్పులు వాళ్లు లేచి ఒప్పుకుని దేవుణ్ణి స్తుతించే సమయం. ఇంతకంటే మంచి చోటు ఉండదని ఫెలిక్స్ లేచాడు. ఈ పాపం మరియదాసుది కాదని, పటం అలా అవడానికి కారణం తనేనని, శిక్ష ఏదైనా తనకే వేయమని చెప్పాడు.

"స్తోత్రం," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఫెలిక్స్ మళ్లీ చెప్పాడు, ఈసారి ఇంకొంచెం గట్టిగా. స్తోత్రం కూడా ఇంకొంచెం గట్టిగా వచ్చింది. ఒకడి పాపాన్ని ఇంకొకడు మోయడమంటే ఇదేనని పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. జెరూషమ్మ వచ్చి ఫెలిక్స్ తల నిమిరింది. ఇంత మంచివాడు లిలువాలో ఉన్నాడని తనకి ఇన్నేళ్లూ తెలియలేదంది.

గుమ్మం దగ్గర ఫెలిక్స్ జీవానందం గారి చొక్కా పట్టుకున్నాడు. "ఒరేయ్ జీవా, నిజంగా నేనేరా."

"ముప్పై ఏళ్లు రైల్లో తిరిగాను," అన్నారాయన శాంతంగా. "టికెట్ లేనోడు ఒక్కడైనా తనకి తానొచ్చి టికెట్ లేదన్నాడేటి? ఒప్పుకున్నోడు దొంగ కాడు. దొంగ ఒప్పుకోడు. మరియదాసు ఒప్పుకున్నాడేటి? లేదు. అర్థమైందా?"

"నేను తోమాన్రా దాన్ని."

"దేంతో?"

వెనకే జెరూషమ్మ నిలబడి ఉంది. "తడిగుడ్డతో," అన్నాడు ఫెలిక్స్.

ఎనభై ఏళ్ల మసి తడిగుడ్డకి పోతే ఈ లిలువాలో మసే ఉండేది కాదని జీవానందం గారు భుజం తట్టి వెళ్లిపోయారు.

శనివారం ఉదయం కమిటీ పటం ముందు కుర్చీలు వేసుకుంది. జెరూషమ్మ కూడా వచ్చి ఓ పక్కన కూర్చుంది. మరియదాసు గది గుమ్మంలో ట్రంకుపెట్టె అప్పటికే సర్ది ఉంది. ఏమైనా చెప్పుకుంటావా అని పాస్టరుగారు అడిగితే, "నాకేటి తెల్దు బాబూ. ఎల్లమంటే ఎల్తాను. గంట తాడు మాత్రం పాతబడిపోనాది, కొత్తది ఎయ్యండి," అన్నాడు. ఆ మాటకి ఫెలిక్స్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఉమ్ము సంగతి చెప్పేస్తాననే లేచాడు. లేచాక జెరూషమ్మ మొహం చూసి, ఆ మాట మింగేసి, పటం అడుగున వేలు పెట్టి చూపించాడు.

అడుగున జానెడు మేర పటం ఇంకా నల్లగానే ఉంది. మరియదాసు తొందరగా తిరిగొచ్చేయడంతో ఆపేసిన చోటది. ఆదివారం అక్కడ రంగుకాగితాల తోరణం అడ్డు ఉంది గనక ఎవరూ చూడలేదు.

"పాత పటమే కాకపోతే ఈ పాత మసి ఎక్కడిదండీ?" అన్నాడు ఫెలిక్స్.

కమిటీ ముందుకు వంగింది. జీవానందం గారు నవ్వారు. ఈ ప్రశ్న కోసమే వారం రోజులుగా ఎదురుచూస్తున్నట్టు లేచి, పటం దగ్గరకంటా వెళ్లి, నడుం వంచి, ఆ నల్లటి భాగానికి మొహం ఆనించినంత పని చేశారు. ఎవరూ కదలవద్దన్నారు. ఎవరూ కదలలేదు, కుర్చీలు మాత్రం కొంచెం వెనక్కి జరిగాయి.

అక్కడి నుంచి పది నిమిషాలు ఆయన పటంతోనే మాట్లాడారు. ఫోర్జరీ అన్నారు. ప్రొఫెషనల్ ఫోర్జరీ అన్నారు. ఈ నలుపు మసి కాదని, పరిశోధకుణ్ణి పక్కదారి పట్టించడానికి ముఠా నిన్నకాక మొన్న వేసిన రంగని, ఫస్ట్‌క్లాస్ పెయింటని, ఫెలిక్స్ లాంటి అమాయకుడు పడిపోయే ఉచ్చని అన్నారు. ఫ వచ్చినప్పుడల్లా పటం తడిసింది. చివరికి ఆయనకే తెలిసి, సాక్ష్యం పాడవుతుందని జేబురుమాలు తీసి గట్టిగా రుద్దారు.

రుమాలు నల్లబడింది. అది తీసేసరికి కింద పచ్చగడ్డి ఉంది. గడ్డి మీద ఎనిమిదో గొర్రె ఉంది. గొర్రె కాళ్ల దగ్గర తెల్లటి సన్నటి ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

పాస్టరుగారు ఫోనులో టార్చి వేసి చదివారు. పెన్‌గారెగ్ కోట శిథిలాలు, వేల్స్, పద్దెనిమిది వందల డెబ్భై ఒకటి. ఇవాన్స్ దొర సొంత దేశమన్నమాట. చదివి మెల్లగా కూర్చున్నారు. నలుపు మసేనని, మిగతా పటం మీద కూడా ఇలాగే పోయి ఉంటుందని, పటాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదని అన్నారు. ఆ తర్వాత, పదకొండేళ్లుగా వేల్స్ ముందు నిలబడి యెరికో గురించి చెబుతున్నానని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు.

"గోడలు పడిపోనాయా లేదా?" అంది జెరూషమ్మ.

"పడ్డాయమ్మా."

"అయితే మరేటి."

పాస్టరుగారు ఫెలిక్స్ వైపు తిరిగారు. బుధవారం మీరు చెప్పింది నిజమేనన్నమాట, దేంతో తుడిచారని అడిగారు.

ఫెలిక్స్ నేలవైపు చూశాడు. "ఇప్పుడు జీవానందం దేంతో తుడిచాడో దాంతోనేనండి. నేను దూదితో."

జెరూషమ్మ కుడిచేతి వేళ్లు ముందుకు చాపి వాటినే చూసుకుంటోంది. ఫెలిక్స్‌కి భూమిలోకి పోవాలనిపించింది.

"ప్రభువు గుడ్డోడి కళ్లకి రాసిందేటి?" అందామె. "ఉమ్మే కదా. రాస్తేనే కదేటి ఆడికి కనిపించింది." లేచి వెళ్లి, ఎనిమిదో గొర్రెని తాకి, కళ్లకద్దుకుంది. పాస్టరుగారు చూస్తూనే ఉన్నారు, ఈసారి ఏమీ అనలేదు.

జీవానందం గారు మాత్రం కదలకుండా నిలబడ్డారు. దూది అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయారు. సోమవారం, బెంచీ కింది సంచీ, మొదటి ఉండ, రెండో ఉండ ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నట్టు మొహంలో తెలుస్తోంది. గబగబా బయటి కొళాయి దగ్గరికి వెళ్లారు. చాలాసేపు పుక్కిలించిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి డైరీ తీసి, ఏడో కేసు కూడా ఛేదించబడిందని, పద్ధతి మాత్రం పరమ రహస్యమని రాసుకున్నారు. కేసు తేల్చింది నిజంగా ఆయనే గనక ఎవరూ కాదనలేకపోయారు.

మిగిలిన జానెడూ క్రిస్మస్‌లోగా ఫెలిక్సే పూర్తి చేయాలని కమిటీ తీర్మానించింది. దేంతో అన్నది తీర్మానంలో రాయలేదు. ఫెలిక్స్ అప్పుడే దూది తెచ్చుకుని పటం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

మరియదాసు గుమ్మంలో సర్ది ఉంచిన ట్రంకుపెట్టె తాళం తీశాడు. అట్టడుగు నుంచి స్టీలు గ్లాసు వెతికి తీసి, కడిగి, నిండా నీళ్లు పట్టుకుని వచ్చి ఫెలిక్స్ పక్కన పెట్టాడు.

"తాగండి బాబూ," అన్నాడు. "నోరెండిపోతాది. ఇంకా చాలా ఉంది."