మిద్దె తాళమూ డ్రాగన్ సంహారమూ

ధర్మం ఈ కాలంలో ఒంటికాలి మీద కుంటుతోందని వాపోయే పెద్దలందరికీ నాదొక మనవి. మీరు తప్పు చోట వెతుకుతున్నారు! ధర్మం నాలుగు కాళ్ళ మీద నిక్షేపంగా నడుస్తోంది. కాకపోతే దాన్ని చూడాలంటే టీవీకి ఒక గేమ్ పెట్టె తగిలించుకోవాలి. అంతే.

వీడియో గేములు మనుషుల్ని చెడగొడతాయని ఎవరన్నారో గానీ, వాళ్ళు మా తిరుపతి ఢిల్లీబాబుని చూసి ఉండరు. చూసి ఉంటే ప్రతి బడిలోనూ నీతికథల పీరియడు ఎత్తేసి, పిల్లల చేతికి తలా ఒక కంట్రోలర్ ఇచ్చేవాళ్ళు.

ఢిల్లీబాబుది బస్టాండు దగ్గర దేవుడి పటాల షాపు. ఎండాకాలం మధ్యాహ్నం పూట ఆ వీధిలో కుక్క కూడా తిరగదు కాబట్టి, షట్టరు దించి ఇంటికొచ్చి, అన్నం తిని గేములో కూర్చుంటాడు. కూర్చున్నాడంటే ఇక ఆయన పటాలమ్ముకునే ఢిల్లీబాబు కాదు. వెండి కవచం తొడుక్కుని, తెల్లగుర్రం ఎక్కి, దీనులను కాపాడుతూ దేశాలు తిరిగే మహావీరుడు!

ఆ లోకం చాలా పెద్దది. కొండలు, అడవులు, కోటలు, పొడుగు చెవుల మనుషులు, నిప్పులు కక్కే డ్రాగన్లు. ఎటైనా పోవచ్చు, ఎవరినైనా పలకరించొచ్చు. మీరేం జవాబు చెప్పాలో ఆలోచించి బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు. తెర మీద మూడు మాటలు వస్తాయి. ఒకటి మర్యాద, ఒకటి బెదిరింపు, ఒకటి అబద్ధం. ఏది నొక్కితే మీ గుణం అది. నొక్కింది తప్పని తేలితే వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. బ్రహ్మదేవుడు మన లోకాన్ని చేసేటప్పుడు ఈ సౌకర్యం ఎందుకు మర్చిపోయాడో నాకు అర్థం కాదు!

ఇంతవరకూ ఢిల్లీబాబు ఆ లోకంలో ఒక్క అబద్ధం ఆడి ఎరగడు. గుడ్డి బిచ్చగాడికి గుర్రాన్ని దానమిచ్చి, ఎడారంతా కాలినడకన దాటాడు. తోటమాలి అనుమతి లేనిదే పువ్వు కోయడు. ఒకసారి పొరపాటున ఎవరిదో మేకకి బాణం తగిలితే, తనంత తానే పోయి కొత్వాలుకి లొంగిపోయి, జైల్లో కూర్చున్నాడు. ఇంకోసారి డ్రాగన్‌ని చంపేశాక గుహలో దాని గుడ్లు కనబడ్డాయి. అయ్యో తల్లి లేని పిల్లలైపోతాయే అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, వెనక్కి పోయి, ఆ డ్రాగన్‌ని బతికించి వచ్చాడు. ఆ పూట పక్కన పెట్టిన కాఫీ చల్లారిపోయినా ఆయనకి తెలియలేదు. ఇంత దయార్ద్ర హృదయం మీ వీధిలో ఎవరికైనా ఉందా? చెప్పండి!

ఇక తాళాల సంగతి. ఆ రాజ్యంలో ఢిల్లీబాబు తీయలేని తాళం లేదు. భూతాలు కాపలా కాసే బురుజు తాళమైనా సరే, రెండు ఇనపపుల్లలు తిప్పితే చాలు, నోరు తెరుస్తుంది.

ఆయన తీయలేని తాళం ఒక్కటే. తను అద్దెకుంటున్న ఇంటి మిద్దె తాళం.

ఇల్లు దామోదరానిది. కింద ఆయనా, ఆయన భార్య జ్ఞానాంబా. పైన ఢిల్లీబాబూ, భార్య జయంతీ. ఆ పైన ఎండ కాసే ఖాళీ మిద్దె. దామోదరం ఏ కట్టడాల శాస్త్రం చదివాడో గానీ, జనం నడిస్తే మిద్దె అరిగిపోతుందని ఆయన నమ్మకం. అందుకని మెట్ల తలుపుకి అరచేతంత తాళం వేసి, దాని చెవిని మొలతాడుకి కట్టుకున్నాడు. స్నానానికి పోయినా అది ఆయనతోనే పోతుంది.

జయంతికి ఈ వేసవిలో కొత్త పని కుదిరింది. కార్వేటినగరంలో ఉండే ఆమె స్నేహితురాలు సుజన, తమ్ముడి పెళ్ళికి వడియాలన్నీ నువ్వే పెట్టివ్వాలని చెప్పింది. పెళ్ళిలో నలుగురి నోటా పడితే నాలుగిళ్ళ నుంచి పిలుపులొస్తాయని జయంతి ఆశ. జయంతి చేతి వడియం నూనెలో పడితే మల్లెమొగ్గలా విచ్చుకుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ వడియానికి ఎండ కావాలి కదా? ఫ్యాను కింద ఆరబెడితే పుల్లవాసన వచ్చి, మొదటి వాయ అంతా పారబోయాల్సి వచ్చింది.

"ఏమబ్బా, దామోదరం మామని మిద్ది తాళం అడగరాదా?" అంది జయంతి. ఇంటాయన చుట్టమేమీ కాదు. పెద్దాయనని మామా అని పిలవడం మర్యాద, అంతే.

ఢిల్లీబాబు కిందికి దిగాడు. దామోదరం పడక్కుర్చీలో విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"ఏమప్పా?"

"ఏం లేదు మామా. ఎండ జాస్తిగా ఉండాది."

"అవునప్పా, జాస్తిగానే ఉండాది."

ఢిల్లీబాబు పైకి ఎక్కి వచ్చేశాడు. పిరికితనం అనకండి! ఎదురుగా మనిషి నిలబడి ఉన్నాడు గానీ, గాలిలో మూడు మాటలు రాలేదు. ఏది నొక్కాలో తెలియకుండా ధర్మపరుడు నోరెలా విప్పుతాడు?

జయంతి తెలివైన మనిషి. మొగుడి రోగానికి మొగుడి మందే వెయ్యాలనుకుంది. మర్నాడు ఎదురుగా నిలబడి వేళ్ళు మడిచింది. "ఒగటి, మామా, మిద్ది తాళం ఇయ్యండి. రెండు, మామా, మీకు పుణ్యముంటాది, మిద్ది తాళం ఇయ్యండి. మూడు, తాళం ఇయ్యకపోతే ఇల్లు మారిపోతాం. నొక్కు!"

ఢిల్లీబాబు చాలాసేపు ఆలోచించాడు. "మళ్ళొస్తానని చెప్పి వచ్చేసేది లేదా?" అన్నాడు.

ఇంతలో గంగమ్మ జాతర వచ్చింది. తిరుపతిలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. జాతర వారంలో మొక్కున్నవాళ్ళు రోజుకో వేషం కడతారు. బండ వేషం రోజున ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, వేపమండ పట్టుకుని, ఎవరినైనా నోటికొచ్చినట్టు తిట్టొచ్చు. తిట్టు తిన్నవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు. ఆ నోట అమ్మవారే పలుకుతుందనీ, తిట్టించుకుంటే మంచిదనీ నమ్మకం. ఢిల్లీబాబుకి చిన్నప్పుడు జ్వరమొస్తే వాళ్ళమ్మ తిరుమలమ్మ మొక్కుకుంది కాబట్టి, ఆయన ఏటా ఆ వేషం కడతాడు. కట్టి ఏం తిడతాడు? "నీ ఇల్లు బంగారం కానూ" అని! అంతకు మించి ఆయన నోట తిట్టు రాదు.

"ఈసారి ఆ బంగారం ఏం వద్దు," అంది జయంతి, ఆయన వీపుకి కుంకుమ పూస్తూ. "మనసులో ఉండేది కక్కెయ్. ఎవురూ నిన్నేమీ అనరు. సుజనకి ఫోన్ చేసి వడియాలు నాకు చేతగాలేదని చెప్పుకోవల్ల నేను. చేతగానిది నాకా, నీకా? చెప్పు!"

ఆ మాట ఢిల్లీబాబుకి ఎక్కడో గుచ్చుకుంది. వేపమండ ఝాడిస్తూ వీధిలోకి దిగాడు. దామోదరం గేటు ముందుకొచ్చేసరికి, ఎన్ని నెలలుగా మింగిందో అంతా ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది.

"ఒరే తాళం నాయాలా! పిసినిగొట్టు సచ్చినోడా! ఆడబిడ్డ వడియాలు ఎండేసుకుంటే నీ మిద్ది అరిగిపోతాదా? నీ తాళం తుప్పు పట్టిపోనూ! నీ మొలతాడు తెగిపోనూ! మిద్ది నెత్తిన పెట్టుకోని పోతావా పైకి?"

జయంతి పైనుంచి చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంత స్పష్టంగా సత్యం పలికిన మగవాణ్ణి ఆ వీధి ఎన్నడూ చూడలేదు!

దామోదరం చేతులు జోడించాడు. కళ్ళ వెంట ధారగా నీళ్ళు.

"తల్లీ గంగమ్మా!" అన్నాడు. "ఇంత కడుపునిండా నన్ను ఎవురూ తిట్టలేదు తల్లీ! ఓ జ్ఞానాంబా, బయటికి రా! నువ్వు గూడా ఒగ నాలుగు తిట్టించుకో!"

జ్ఞానాంబ పరుగున వచ్చింది. పక్కింటివాళ్ళూ వచ్చారు. మా గడప ముందర కూడా తిట్టు నాయనా అని ఎదురింటి వరదమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఢిల్లీబాబు గొంతు పోయింది. సాయంత్రం దామోదరం మెట్లెక్కి వచ్చి, మిద్దె తాళానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక నిమ్మకాయ కట్టి, కర్పూరం వెలిగించి పోయాడు. అమ్మవారి నోట వచ్చిన తాళం కదా మరి! అది అంతకుముందు వట్టి తాళం. ఇప్పుడు దేవుడు.

ఢిల్లీబాబు తలుపు సందులోంచి అదంతా చూశాడు. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెనక్కి పోయే బటన్ కోసం ఆయన బొటనవేలు గాల్లో వెతుక్కుంది.

మర్నాడు పొద్దున జయంతి ఎవరికీ చెప్పకుండా పొయ్యి వెలిగించి, గుండిగ నిండా వడియాల పిండి కాచేసింది. ఆరబెట్టడానికి జానెడు చోటు లేదు. ఏ ధైర్యంతో కాచిందో ఆమెకే తెలియాలి. గొంతు లేక షాపు తెరవని ఢిల్లీబాబు గేములో కూర్చున్నాడు. అప్పుడే దామోదరం అమ్మవారి అంబలి చెంబుతో పైకొచ్చాడు. నిన్నటి తిట్ల వల్ల ఆయనకి ఢిల్లీబాబు మీద అపారమైన గౌరవం కలిగింది.

"ఇదేందప్పా సినిమానా?" అంటూ చాపమీద కూర్చున్నాడు.

ఢిల్లీబాబు బొంగురు గొంతుతో అంతా చెప్పాడు. మూడు మాటలు, దయాధర్మాలు, తప్పు చేస్తే వెనక్కి పోవడం. అదే సమయానికి తెర మీద ఒక ముసలమ్మ వచ్చి, వీరుడికి దండం పెట్టి, ఇంగ్లీషులో ఏదో మొర పెట్టుకుంది.

నిజానికి ఆమె అడిగింది తప్పిపోయిన పిల్లిని వెతికి పెట్టమని.

"ఏమంటా ఉండాది అవ్వ?" అన్నాడు దామోదరం, ఇంగ్లీషు రాక.

ఢిల్లీబాబు తెర వైపు చూశాడు. వంటింట్లో చల్లారుతున్న గుండిగ వైపు చూశాడు. ఆ లోకంలో ఇంతవరకూ ఒక్క అబద్ధమైనా ఆడని సత్యసంధుడు గొంతు సవరించుకున్నాడు.

"ఏవో మందాకులు ఎండేసుకోవల్లంట మామా. కోట మిద్దికి తాళమేసినారంట. పాపం, యాడ ఎండేసుకునేదా అని అడగతా ఉండాది."

"తాళమేసినోడు ఎవుడు?"

"ఆ ఇంటాయనే."

"ఎందుకంట?"

"నడిస్తే మిద్ది అరిగిపోతాదంట."

దామోదరం లేచి నిలబడ్డాడు. "థూ! మిద్ది అరిగిపోతాదా? ఎవుడప్పా వాడు, బుద్ధి లేని నాయాలు? ముసిల్దాని ఉసురు తగిలితే వాడు బాగుపడతాడా? నీ కత్తి తియ్యి! యాడుండాడో సూపించు, నేను సెప్తా వాని కత!"

జయంతి చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. తెర మీద మూడు మాటలు వెలిగాయి. మూడూ పిల్లి గురించే. ఒక్కటీ పనికొచ్చేది కాదు. ఢిల్లీబాబు కంట్రోలర్ పక్కన పెట్టేశాడు. వెండి కవచం లేదు, కుంకుమ వేషం లేదు. ఉన్నదల్లా బనీను.

"ఈడనే ఉండాడు మామా," అన్నాడు. "అది నువ్వే."

గరిటె నుంచి పిండి చుక్క నేల మీద పడింది. దామోదరం చెయ్యి దానంతటదే మొలతాడు మీదికి పోయింది. మొహం వంకాయలా నల్లబడింది. కాసేపటికి కంట్రోలర్ అందుకుని, తలకిందులుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అప్పా, ఇందాక చెప్పినావే, తప్పు చేస్తే వెనక్కి పోయేది. ఆ బటన్ యాడుండాది?"

"అది మనింట్లో లేదు మామా," అంది జయంతి, చెయ్యి చాపి. "మీ దగ్గరుండేది తాళం చెవే. అది ఇయ్యండి, పిండి గట్టిపడతా ఉండాది."

ఇచ్చాడు.

వడియాలు ఎండాయి. కార్వేటినగరం పెళ్ళిలో విచ్చుకున్నాయి. మిద్దె వెంట్రుకవాసి కూడా అరగలేదు. అందుకే నేనంటున్నాను, ఈ గేములు మానవజాతికి వరం! ధర్మం తెలియని మనిషి మన ఊళ్ళో ఎవరూ లేరు. అది అవతలివాడి మిద్దె అయితే చాలు, మనందరం కత్తి దూస్తాం!

ఇప్పుడు దామోదరం రోజూ మధ్యాహ్నం పైకొచ్చి గేములో కూర్చుంటున్నాడు. పిల్లిని వెతికిచ్చాడు. అనాథలకి ఇల్లు కట్టించాడు. ఆ రాజ్యంలో ఎక్కడ తాళం కనబడినా తీయించేస్తున్నాడు. నా కంట్రోలర్ నాకివ్వండి మామా అని అడగడానికి ఢిల్లీబాబుకి మళ్ళీ నోరు రావడం లేదు. మిద్దె మీద వేపమండ పట్టుకుని, జయంతి వడియాల మీద వాలే కాకుల్ని తోలుకుంటున్నాడు.

నిన్న కింద నుంచి జ్ఞానాంబ పిలుస్తోంది. మోకాళ్ళు పట్టేశాయి, లేవలేకపోతున్నాను, కాసిని నీళ్ళిచ్చి పొమ్మని ఎంతసేపటి నుంచి పిలుస్తోందో. మిద్దె మీదున్న ఢిల్లీబాబుకి వినబడి చెంబుతో దిగుతున్నాడు. ఢిల్లీబాబు హాల్లో గేములో ఉన్న దామోదరానికీ వినబడింది. టీవీ మీంచి చూపు తిప్పకుండానే కేక వేశాడు.

"ఉండమ్మే! ఈడ ఎవురో అవ్వ కష్టంలో ఉండాది!"