కొంగ గొంతులో ముల్లు

ఒక పెద్ద అడవిలో డాక్టర్లకు కొదవ లేదు. రోగి చెప్పేది వినే ఓపికే ఎవరికీ లేదు. కడుపునొప్పని వచ్చిన లేడి నోరు తెరిచేలోపే కాలికి కట్టు కట్టి పంపేశారు. ఆ గోల సింహం దాకా వెళ్లింది.

"పిల్లలకు రోగితో మాట్లాడటం నేర్పండి" అని, వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే కొంగ ధవళాచార్యులకు హుకుం వచ్చింది.

ధవళాచార్యులు ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు ఆలోచించాడు. మర్నాడు తరగతిలో చెప్పాడు. "రోగి మాటకు అడ్డు రాకూడదు. మౌనంగా ఉంటే తొందరపెట్టకూడదు. అడగకుండా ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు."

"ఇవి పరీక్షలో వస్తాయా సార్?" అంది నక్క.

"వీటికే మార్కులు."

అంతే, అందరూ రాత్రింబవళ్లు బట్టీపట్టేశారు. చిలుకైతే జాలిగా తల ఊపడం కూడా సాధన చేసింది. లేడి మళ్లీ వచ్చి, అత్తగారి సంగతులతో సహా అంతా చెప్పుకుని తేలికపడి వెళ్లింది. కడుపునొప్పి తగ్గలేదనుకోండి. అయినా సింహం ఆచార్యులకు సన్మానం ప్రకటించింది. ఆయన మెడ గర్వంతో ఇంకాస్త సాగింది.

ఒక మధ్యాహ్నం భోజనంలో ఆ మెడలోనే చేపముల్లు అడ్డుపడింది. ఊపిరి ఆడలేదు. పడుతూ లేస్తూ ఆస్పత్రికి వచ్చి, శిష్యుల ముందు కూలబడి, రెక్కతో గొంతు చూపించాడు.

చిలుక పక్కన కూర్చుంది. "చెప్పండి సార్. మీకేమనిపిస్తోంది?"

ఆచార్యులు నోరు తెరిచాడు. గాలి కూడా రాలేదు.

"తొందరేం లేదు సార్. మీకు వీలైనప్పుడే చెప్పండి."

ఆయన కళ్లు తేలిపోతున్నాయి. ఒక్కరైనా నోట్లోకి తొంగిచూస్తే చాలునని ప్రాణం కొట్టుకుంటోంది.

"వీపు మీద తట్టనా?" అని తాబేలు గొణిగింది.

"ఆయన సరే అనలేదుగా" అంది నక్క. "మౌనంగా ఉన్నారు, ఉండనీ."

అందరూ జాలిగా తలలు ఊపారు.

వెనక తన వంతు కోసం కూర్చున్న ఎలుగుబంటికి విసుగొచ్చింది. "ఈయన తెమిలేదెప్పుడు, నా పంటిపోటు చూసేదెప్పుడు" అంటూ లేచి వచ్చి, ఆచార్యుల వీపు మీద ఒక్క చరుపు చరిచింది. ముల్లు ఎగిరి నక్క ముక్కు మీద పడింది.

ధవళాచార్యులు ఊపిరి పీల్చుకున్నాడు. శిష్యులను తిట్టబోయి ఆగాడు. వాళ్లు చేసినదంతా తను చెప్పిందే. తప్పు పట్టాలంటే పాఠాన్నే పట్టాలి. పాఠం తప్పయితే సన్మానం ఏమవుతుంది?

"అందరూ బాగా చేశారు" అన్నాడు బొంగురు గొంతుతో. "పూర్తి మార్కులు."

తర్వాత ఎలుగుబంటి వైపు తిరిగి, "అడగకుండా చెయ్యి వేసింది మాత్రం నువ్వే" అని దాన్ని వరస చివరికి పంపించాడు.

నీతి: జబ్బు చేసినవాళ్లు ముందు గొంతు బాగుచేయించుకుని, ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.