మతిమరుపుకు మూడు సోమవారాలు

మనిషి తలకు దెబ్బ తగిలిందా లేదా అన్నది డాక్టర్లు తేల్చే చిన్న విషయం కాదు, ప్రభుత్వం తేల్చాల్సిన పెద్ద విషయం. అందుకే 2007 చలికాలంలో, ఢిల్లీ శివార్లలోని ఓ జైల్లో ఖైదీల శిరోఘాత నిర్ధారణ విభాగం వెలిసింది. (విభాగమంటే రెండు కుర్చీలు, ఒక రూమ్ హీటరు. హీటరు మొహం అధికారి వైపు ఉంటుంది.)

అధికారి రాధాకృష్ణమూర్తి గారు మయూర్ విహార్ నుంచి ఆఫీసు కారులో వస్తారు. కటవారియా సరాయ్‌లో అద్దె గది నుంచి బస్సులు మారి వచ్చే హారిక కాంట్రాక్టు కౌన్సెలరు. స్కానింగుకు పైవాళ్ళ అనుమతి కావాలి కనుక, అనుమతి అక్కర్లేని పరీక్షను మూర్తిగారే కనిపెట్టారు. దెబ్బ తగిలి మతిమరుపు వచ్చిందనుకునే ఖైదీ, ఎవరూ పిలవకుండా, వరుసగా మూడు సోమవారాలు పదింటికల్లా వచ్చి ఆ మాట చెప్పుకోవాలి. ఒక్క వారం మరిచినా కేసు మూసేస్తారు.

హారిక ధ్యాసంతా భీమశంకరం మీదే. రాజోలు నుంచి వచ్చిన లారీ డ్రైవరు. ఫరీదాబాద్ దగ్గర లారీ బోల్తా పడి ఒక మనిషి పోతే జైలుకొచ్చాడు. ఆ రోజు ఇతని తల కూడా అద్దానికి కొట్టుకుంది. అప్పట్నుంచీ పొద్దున విన్నది మధ్యాహ్నానికి ఉండదు. సాయంత్రం గిన్తీకి, అంటే తలల లెక్కకు, వరసలో నిలబడటం మరిచిపోతాడు. (తల హాజరైతే చాలు, అందులో ఏముందో లెక్కకు అక్కర్లేదు.) మరిచిన ప్రతిసారీ శిక్షలో రావలసిన తగ్గింపు ఊడుతుంది. దెబ్బ తగిలిందని విభాగం ఒప్పుకుంటే దండన పోయి వైద్యం వస్తుంది. హారిక ఆశ అదే.

మొదటి సోమవారం అతను రాలేదు, కేసు మూసేశారు. హారిక కాళ్ళావేళ్ళా పడి తెరిపించింది. ఈసారి ప్రతి ఆదివారం అతని అరచేతిలో బాల్‌పెన్నుతో ‘రేపు పదింటికి’ అని రాసింది. మూడు వారాలూ వచ్చాడు.

మూర్తిగారు ఎంతో సంతోషించారు. "చూడమ్మా, ఎంత టంచనుగా వచ్చాడో. మావాడు ట్యూషన్‌కి కూడా ఇలా వెళ్ళడు. ఇతనికి మతిమరుపేమిటి?"

"చేతిలో నేను రాశాను సార్."

"చెయ్యి చూసుకోవాలని గుర్తుందిగా."

హారికకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ కాంట్రాక్టులో లేవు. రానివాళ్ళకు ఆసక్తి లేదని, వచ్చినవాళ్ళకు జబ్బు లేదని తేలడంతో, ఈ జైల్లో తలకు దెబ్బ తగిలినవాడు ఒక్కడూ లేడని పైకి నివేదిక వెళ్ళింది. భీమశంకరం మతి భేషుగ్గా ఉంది కనుక, ఇన్నాళ్ళూ గిన్తీ ఎగ్గొట్టింది కావాలనేనని మిగిలిన తగ్గింపు కూడా కోసేశారు.

ఆ సంగతంతా బుద్ధిగా విని, గుమ్మం దాకా వెళ్ళి, అతను వెనక్కి తిరిగాడు.

"అమ్మాయిగారూ, ఆ పరీక్షెప్పుడండీ? మరిచిపోతానేమోనని బెంగగా ఉందండీ."

హారిక మూర్తిగారి వైపు చూసింది. ఆయన కలం తీసి, ఖైదీకి పరీక్షల పట్ల శ్రద్ధ కూడా మెండుగా ఉందని రాసుకున్నారు.