మధుమక్షికా నాట్య సమరం

ఆలకించండి! అది రెండువేల పద్నాలుగు, ఆగస్టు మాసం, శనివారం. సహస్రకిరణుడు పడమటి కొండల మీద ఒళ్లు విరుచుకుంటున్న వేళ, గజపతినగరం శివారు హైస్కూలు మైదానంలో, తొమ్మిదో తరగతి అనబడే నలభైమంది వానరసేనకు అధినాయికయై, సుద్దముక్కే ఆయుధంగా, తేనెటీగల నాట్యమే పాఠంగా జీవశాస్త్ర ధురంధర పార్వతీదేవి టీచరు నిలిచింది. ఎదుట, పదమూడేళ్లుగా పరుల పీరియడ్లను కబళిస్తున్న గణితగండభేరుండం, జగన్నాధం మాస్టారు. ఇద్దరూ కోరిన రాజ్యం శనివారం ఏడో పీరియడ్. దాని విస్తీర్ణం నలభై నిమిషాలు.

"తేనెటీగలు గంతులేస్తే తేనె వస్తాది పార్వతమ్మా. ఈళ్లు గంతులేస్తే ఏటొస్తాది? పరీక్షలో సున్నా వస్తాది. ఆ పీరియడ్ నాకిచ్చీ."

"మాస్టారూ! ఈగకి నోరు లేదు. అయినా నడుం ఊపి, తేనె ఏ దిక్కునుందో, ఎంత దూరంలో ఉందో తనవాళ్లకి చెప్పేస్తాది. నా పిల్లలూ చెప్తారు. ఇదిగో, నా నువ్వుండల డబ్బా మీరే దాచండి. ఒక్క మాట లేకుండా పట్టుకోలేకపోతే పీరియడ్ మీదే!" ఆ భీషణ ప్రతిజ్ఞకు కొళాయి మీది కాకి ఎగిరిపోయింది.

డబ్బా దాచిన చోటు మాస్టారు గంగరాజు ఒక్కడికే చూపాడు. వాడు రంగమధ్యానికొచ్చి, తిన్నగా నడుస్తూ నాలుగుసార్లు నడుం ఊపాడు. నడిచిన వైపే డబ్బా ఉన్న దిక్కు, ఒక్కో ఊపుకు పది అడుగులు. అంతవరకూ దివ్యం. కానీ వాడు తప్పెటగుళ్లు ఆడే ఇంటివాడు. గుండెకు రేకు కట్టి ఆడే ఆ ఆటలో ప్రతి అడుగూ గిరికీతోనే ముగుస్తుంది. అలవాటుకొద్దీ వాడు గిర్రున తిరిగి, వెనక్కి ముఖం పెట్టి నిలబడ్డాడు.

అంతే. మిగతా అందరూ ఆ ముఖం చూసిన దిక్కుకు దండెత్తి భోజనాల వంటపాకలో పడ్డారు. గరిట ఖడ్గధారిణి, వంటమనిషి దానమ్మ అడ్డు నిలిచింది.

"ఒరే! కూడెప్పుడో అయిపోనాది. ఏటర్రా ఈ మూక!"

పార్వతీదేవికి ఏడో పీరియడ్‌లో ఎక్కాలు వినబడుతున్నట్టే అనిపించింది. మాస్టారు అప్పుడే టైంటేబులు కాగితం మీదికి పెన్ను దించుతున్నాడు.

అప్పుడు సేనలోంచి దీపిక ముందుకొచ్చింది. నోరు విప్పలేదు. గంగరాజులాగే నడిచింది, ఊపింది, గిరికీ కొట్టింది. ఆ గిరికీ మట్టుకు నల్లబల్ల మీది రాతను తుడిచినట్టు గాలిలో చేత్తో తుడిచేసింది. సేనకు జ్ఞానోదయమైంది. మైదానం మధ్యకు తిరిగొచ్చి, గంగరాజు నడిచిన వైపే నలభై అడుగులు పరుగెత్తింది. సైకిల్ షెడ్డు, మాస్టారి స్కూటరు, తాళం ఏనాడో పోయిన డిక్కీ, అందులో డబ్బా!

మూత తీశారు. ఖాళీ!

"ఉండలే లేవు, గెలుపెలాగవుతాది?" అన్నాడు గండభేరుండం.

నలభై నడుములు ఒక్కసారిగా ఊగి, తిన్నగా ఆయన మీసం వైపు సాగి ఆగాయి. మీసంలో మూడు నువ్వు గింజలు మెరుస్తున్నాయి.

మాస్టారు మీసం తడుముకున్నాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఈ విధంగా, రక్తపాతం లేకుండా, దిగంతవిశ్రుతమైన ఏడో పీరియడ్ సామ్రాజ్యం సమస్తం పార్వతీదేవి వశమైంది. బడి విడిచే లాంగ్ బెల్లుకు ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయి.