యాభై నిమిషాల దారికి మూడొందల సీట్లు

పొద్దున్న ఆరింటికి ఏలూరులో బయలుదేరితే ఏడున్నరకల్లా గన్నవరం. తొమ్మిదింటికి విమానం, పదికల్లా హైదరాబాదు, పదకొండున్నరకి సభలో ఉపన్యాసం. సాయంత్రం విమానంలో తిరిగొచ్చి రాత్రి భోజనం ఇంట్లోనే. ఇదీ దుర్గారాజు వేసుకున్న ప్లాను. దాంట్లో ఎక్కడా లోపం లేదు. దాన్ని అమలు చేసే మనిషి దుర్గారాజు కావడం ఒక్కటే లోపమని తరవాత తేలింది.

దుర్గారాజుకి కైకలూరు అవతల, కొల్లేరు అంచున చేపల చెరువులున్నాయి. కాపురం ఏలూరులో. చెరువుగట్టు మీద తీరిక దొరికినప్పుడల్లా పత్రికలకు ఉత్తరాలు రాయడం ఆయన అలవాటు. గంటలోపు ప్రయాణాలకు కూడా విమాన సంస్థలు పెద్ద పెద్ద జెట్లు తిప్పుతున్నాయన్న వార్త చదివి, అప్పటికప్పుడు ఒక ఉత్తరం రాశాడు. "మా గట్టు నుంచి ఏలూరు మార్కెట్టుకి పది ట్రేల చేపలు పంపాలంటే చిన్న ట్రక్కు పెడతాం. అస్సాం వెళ్లే పద్నాలుగు చక్రాల లారీ పెట్టం. ఎక్కించి దించేలోపు అయిపోయే ప్రయాణానికి అంత విమానం ఎందుకు?" ఆ ఉత్తరం హైదరాబాదులో రవాణా మీద పరిశోధన చేసే ఒక సంస్థవారికి నచ్చింది. వచ్చి మాట్లాడమని ఆహ్వానపత్రం, రానూపోనూ విమానం టికెట్లు పంపారు.

ఉత్తరం రాసినాయన అంతవరకు విమానం ఎక్కలేదు. ఆ సంగతి ఉత్తరంలో లేదు.

"ఏవండీ, ఒక్కసారైనా ఎక్కకుండా అంత ఎలా రాశారండీ?" అంది ఆయన భార్య లక్ష్మీదుర్గ, చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"చెరువు మొహం చూడనివాళ్లు టీవీలో చేపల రోగాల గురించి చెప్పట్లేదా? అలాగే."

"సరేలెండి. అక్కడ ఏదైనా తెలియకపోతే ఎవరినైనా అడగండి. మీరు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకండి."

అత్తగారు ముత్యాలమ్మ సంచిలో ఒక పొట్లం పెట్టింది. "మా చెల్లెలికి ఎండు రొయ్యలండీ, అల్లుడుగారూ. సభ అయ్యాక ఇచ్చేసి రండి."

గన్నవరంలో అడిగితే తెలిసింది, ఆయన ఎక్కబోయేది సాక్షాత్తూ ఆ పెద్ద విమానమేనని. అది గల్ఫ్ నుంచి వస్తుంది. కొందరిని గన్నవరంలో దించి, మిగిలినవాళ్లతో హైదరాబాదు వెళుతుంది. ఖాళీ అయిన సీట్లలో ఇక్కడివాళ్లను ఎక్కించుకుంటుంది. కౌంటర్లో అమ్మాయి ఆయన ఆధార్ కార్డు చూసి, చొక్కా జేబు మీద పసుపుపచ్చని గుండ్రటి స్టిక్కరు అంటించింది. దాని మీద ఇంగ్లీషులో 'డి' అన్న అక్షరం ఉంది. ఆ అమ్మాయి గబగబా ఇంగ్లీషులో ఏదో చెప్పింది. తీయవద్దన్నంత మటుకు ఆయనకు అర్థమైంది. దుర్గారాజు కాబట్టి డి. ఇంతమందిలో ఒక్కొక్కరి పేరూ గుర్తుపెట్టుకుని అంటిస్తున్నారంటే ఏర్పాట్లు బాగానే ఉన్నాయనుకున్నాడు.

లోపలికి అడుగుపెట్టేసరికి ఆయన వాదన కాస్త మెత్తబడింది. నడవడానికి రెండు దారులు, వరసకు తొమ్మిది సీట్లు. ముందు నిలబడితే చివర కనిపించలేదు. సీటు మీద దుప్పటి, దిండు. ఎదురుగా చిన్న టీవీ. జేబులో మడిచి పెట్టుకున్న ఉపన్యాసం గుచ్చుకున్నట్టయింది. సర్దుకు కూర్చుని పక్కకి చూశాడు. పక్క సీట్లో ఆవిడ చీర భుజం మీదా డి స్టిక్కరే ఉంది.

"మీ పేరేంటండీ?"

"తులసి అండీ. పెంటపాడు హైస్కూల్లో టీచర్ని."

"మరి మీకు డి ఎందుకు అంటించారండీ?"

"అదేనండీ, నాకూ తెలీలేదు. మీకూ అదే ఉందిగా."

"నా పేరు దుర్గారాజండీ. నాకు సరిపోయింది. మీకు టి ఉండాలి. ఎవరిదో పొరపాటున మీకొచ్చింది. తీసేయండి. దేవుడి దయవల్ల ఏమీ జరగదు గానీ, జరిగితే మనుషుల లెక్క తేడా వస్తుంది."

తులసి తటపటాయించింది. దుర్గారాజు ఆహ్వానపత్రం తీసి చూపించాడు. "ఈ విమానాల గురించి మాట్లాడ్డానికే వెళ్తున్నానండీ."

దాంతో ఆవిడకి అనుమానం తీరిపోయింది. స్టిక్కరు తీసేసి, తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని మనిషి కాబట్టి, ముందు వరసలో వాళ్లకీ చెప్పింది. వాళ్లు ఆ ముందు వరసకి చెప్పారు. చిన్న విమానమైతే కబురు నాలుగు వరసల్లో ఆగిపోయేది. ఇక్కడ రెండు దారులుండటంతో అటు నుంచి ముందుకీ, ఇటు నుంచి వెనక్కీ పోయింది. వెనక సీట్లో తెల్లజుట్టు పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "ఏంటండీ ఈ హడావిడి?" అన్నాడు.

"మీ పేరేంటి సార్?"

"ప్రసాదరావు."

"పెద్దవారు, మీరు లేవకండి," అని దుర్గారాజు తనే వెనక్కి వంగి, ఆయన జేబు మీది స్టిక్కరు జాగ్రత్తగా ఒలిచాడు.

విమానం తూర్పుగా లేచి వంపు తిరిగింది. కిటికీలోంచి కొల్లేరు చెరువులు గళ్ల లుంగీ పరిచినట్టు కనిపించాయి. అందులో తన గడి ఏదో దుర్గారాజు ఎంత వెతికినా తెలియలేదు. యాభై నిమిషాల్లో మూడొందల మందికి మంచినీళ్లు అందించాల్సిన ఎయిర్‌హోస్టెస్‌లు పరుగులు పెడుతున్నారు. ఎవరి జేబు మీద ఏముందో, ఏం లేదో చూసే తీరిక వాళ్లకు లేదు.

హైదరాబాదులో దిగడానికే అరగంట పట్టింది. లోపల రెండు వరసలున్నాయి. పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఒకవైపు, డి స్టిక్కరు ఉన్నవాళ్లు ఇంకోవైపు. దుర్గారాజు దర్జాగా రెండో వరసలో నడిచాడు. ఆ వరసలో ఆయన ఒక్కడే ఉన్నాడు. గుమ్మం దాటబోతుండగా వెనక మాటలు వినిపించాయి.

"పాస్‌పోర్ట్?" అంటున్నాడు అధికారి. ఉత్తరాది మనిషి, తెలుగు కూడబలుక్కుని మాట్లాడుతున్నాడు.

"లేదండీ. మాది పెంటపాడు," అంది తులసి.

"డి స్టిక్కర్?"

"తీసేశామండీ."

"తీసేశామా? ఎంతమంది?"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. అరవై మందికి పైగా ఉన్నారు. "డి అంటే డొమెస్టిక్ మేడమ్," అన్నాడు అధికారి. " ఈ దేశంలోనే ఎక్కిన మనిషి. అది లేదు, పాస్‌పోర్ట్ లేదు. మీరందరూ ఎక్కడినుంచి వచ్చారని నేను రాసుకోవాలి?"

దుర్గారాజు కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎదురుగా గాజు తలుపు, తలుపు అవతల టాక్సీలు. టైము పదకొండు కావస్తోంది. ఒక్క అడుగు వేస్తే సభకు అందుకుంటాడు. అప్పుడు, "దుర్గారాజుగారూ," అని తులసి పిలిచింది. ఆ గొంతులో కోపముంటే వెళ్లిపోయేవాడేమో. ఉన్నది భయం. వెనక్కి వచ్చాడు.

"తీయమన్నది నేనేనండీ," అన్నాడు.

"మీరెవరు?"

"చేపల చెరువులండీ."

అధికారి ఆయన్ని పక్కన కూర్చోబెట్టించాడు. ఒక్కొక్కరి ఆధార్ కార్డూ, టికెట్టూ విమానం జాబితాతో సరిచూసి పంపడం మొదలైంది. బయటికి వెళ్తున్న ప్రతివాళ్లూ దుర్గారాజు వైపు ఒకసారి చూసి మరీ వెళ్లారు. అందరికంటే ఆఖరున ఆయన సంచి తెరిచారు. గదంతా ఎండు రొయ్యల వాసన కమ్ముకుంది.

"ఇది ఏ దేశం నుంచి?"

"కైకలూరండీ."

అధికారి ఆ పేరు కంప్యూటర్లో కొట్టి చూసి, జాబితాలో అలాంటి దేశం లేదన్నాడు.

సభకు చేరేసరికి రెండు గంటలైంది. అందరూ లేచిపోయి ఉంటారనుకున్నాడు గానీ, హాలు నిండా జనం కాగితాలతో విసురుకుంటూ కూర్చున్నారు. గుమ్మం దగ్గర కార్యకర్త మెల్లగా చెప్పాడు. "ఇప్పుడే మొదలవుతోందండీ. మా అధ్యక్షులవారు తాడేపల్లిగూడెం వెళ్లి ఇవాళే తిరిగొచ్చారు. ఎయిర్‌పోర్టులో ఎవడో తలతిక్క మనిషి అందర్నీ ఇబ్బందిపెట్టాడట. ఆయనా ఇరుక్కుపోయారు." దుర్గారాజు వేదిక వైపు చూశాడు. మధ్య కుర్చీలో ప్రసాదరావుగారున్నారు. జేబు మీద గుండ్రటి జిగురు మచ్చ అక్కడినుంచే కనిపించింది.

పేరు పిలిచారు. దుర్గారాజు మైకు ముందు నిలబడి, రాసుకొచ్చిన ఉపన్యాసం తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"అయ్యా, ఆ తలతిక్క మనిషిని నేనేనండీ," అన్నాడు. జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పాడు. ఎవరికీ ఏమీ చెప్పవద్దన్న లక్ష్మీదుర్గ మాట కూడా చెప్పాడు. ఆడవాళ్లు ముందు నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. "విమానం తప్పేమీ లేదండీ. నాలాంటివాడు ఒకడు ప్రతి విమానంలోనూ ఉంటాడు. చిన్నదైతే పదిమందిని చెడగొడతాడు. పెద్దదైతే అరవై మందిని. ఎనిమిది గంటల ప్రయాణమైతే ఎవరో ఒకరు వాడి తప్పు దిద్దుతారు. యాభై నిమిషాల్లో ఆ తీరిక ఎవరికుంటుందండీ? అందుకని దగ్గర ఊళ్లకి పెద్ద విమానాలు వద్దని నా మనవి."

చప్పట్లు చాలాసేపు మోగాయి. ప్రసాదరావుగారు లేచి దుర్గారాజుకి శాలువా కప్పారు. ఈ విషయం మీద ఇంత గట్టి వాదన తన సర్వీసులో వినలేదని, దానికి తనే ప్రత్యక్ష సాక్షినని అన్నారు. దుర్గారాజు అభిప్రాయాన్ని సంస్థ ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఆమోదించిన పది నిమిషాల్లో ఆయన సాయంత్రం విమానం టికెట్టు రద్దు చేసి, ఏలూరుకి రైల్లో పై బెర్తు ఇప్పించింది.