ఫోన్ రాని పలక

ఎలక్ట్రానిక్స్ షాపు తెరవగానే మేనేజరు అద్దాల బీరువాలోంచి ఈ-రీడర్ తీసి మాటకారి చేతిలో పెట్టాడు. బట్టతలకు దువ్వెన అంటగట్టగలడని ఆ సేల్స్‌మన్‌కి తోటివాళ్లు పెట్టిన పేరది.

"పదకొండు నెలలుగా దీని దుమ్ము తుడుస్తున్నాం. సాయంత్రానికల్లా అమ్మెయ్. లేదంటే రేపట్నుంచి గోడౌన్‌లో అట్టపెట్టెలు మోద్దువుగాని."

గోడౌన్ అంటే మాటకారికి భయం. ఏసీలో ఉద్యోగమని మామగారి దగ్గర కోతలు కోసి పెళ్లి చేసుకున్నాడు మరి.

మొదటి బేరం ఒక పెద్దావిడ. "ఇందులో మా మనవరాలు కనిపిస్తుందా బాబూ?"

"కనిపించదండీ. పుస్తకాలు చదువుకోవచ్చు."

"పాటలు?"

"రావండీ."

"పోనీ ఫొటోలు?"

"తియ్యదండీ."

"ఇన్ని పనులు చెయ్యకుండా ఉండటానికి ఇంత రేటా!" అని ఆవిడ ఫోన్ కొనుక్కుని వెళ్లింది.

సరుకు సంగతి తనకే తెలియకపోతే ఎలాగనుకుని, మాటకారి అందులో ఉన్న ఒక హత్య కథ తెరిచాడు. నాలుగు పేజీలు చూసి మూసేద్దామనుకున్నాడు. ఫోనైతే ఈపాటికి పదిసార్లు మోగి కథ చెడగొట్టేది. ఇది నోరెత్తితే ఒట్టు. మధ్యాహ్నమైనా అతను తల ఎత్తలేదు.

అప్పుడొచ్చాడొకాయన. "పొద్దున రిపేరుకిచ్చిన మా మిక్సీ ఎలా కాలిందో తెలిసిందా?"

"వంటమనిషి మీదే అనుమానమండీ," అన్నాడు మాటకారి కథలోంచి బయటికి రాకుండానే.

"అది కూడా ఆ మెషీన్లో తెలుస్తుందా?"

"స్పష్టంగా రాసుందండీ!"

ఆయన రుసరుసలాడుతూ ఇంటికి పోయాడు. గంట తిరక్కుండా ఆయన భార్య ఊడిపడింది. "మా వంటావిడ పని మానేసి వెళ్లిపోయింది! ఎక్కడ రాసుందయ్యా, ఏదీ?" అని ఈ-రీడర్ లాక్కుంది. తిట్టడానికి ఆధారం వెతుకుతూ మూడో పేజీకి కుర్చీ లాక్కుంది. ఇరవయ్యో పేజీకి కోపం మర్చిపోయి, "ఇది ప్యాక్ చేయించండి" అంది.

మేనేజరు మొహం వెలిగిపోయింది. మాటకారి మాత్రం బిక్కచచ్చిపోయాడు. ఇంకా రెండు అధ్యాయాలు మిగిలాయి!

"వద్దమ్మా! దీంట్లో ఫోన్ రాదు, వీడియో రాదు. ట్యాబ్లెట్ తీసుకోండి, అందులో పుస్తకాలు కూడా చదువుకోవచ్చు."

నిజమే కదా అని ఆవిడ ట్యాబ్లెట్ కొనుక్కుని వెళ్లింది. "ట్యాబ్లెట్లు రోజూ అమ్ముడుపోయేవేరా! నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేశావు కదరా!" అని మేనేజరు తల పట్టుకున్నాడు.

మర్నాడు అమ్ముడుపోని సరుకుతో పాటు మాటకారీ గోడౌన్ చేరాడు. ఏసీ లేదు. బేరాలూ లేవు. మనవరాలు కనిపిస్తుందా అని అడిగే నాథుడే లేడు. ఇంత సుఖం ఇక్కడుందని తెలియక ఇన్నాళ్లూ భయపడ్డాడు.

హంతకుడు వంటమనిషి కాదని పదకొండింటికి తేలింది. మాటకారికి సిగ్గేసి, మిక్సీ వాళ్లింటికి ఫోన్ చేసి మరీ క్షమాపణ చెప్పుకున్నాడు.

సాయంత్రం హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. 'ఈ-రీడర్లు ఎందుకు అమ్ముడుపోవడం లేదు?'

'ఫోన్ రాదు గనక' అని రాసి, మాటకారి రెండో పుస్తకం తెరిచాడు.